పెన్న ఒడిలో మీనగణన

నెల్లూరు జిల్లా చేజర్ల మండలం పెరుమాళ్లపాడు వద్ద 2020 జూన్‌లో పెన్నానది ఇసుకను తవ్వుతుండగా, పూడిపోయిన నాగేశ్వరస్వామి ఆలయం బయల్పడింది. రాతికట్టడాన్నే మరుగుపరచిన ఆ నదీగర్భంలో కంటికి కనబడని మరొక లోకం ఉంది. అది మత్స్యలోకం. దాని క్షేమాన్ని తెలుసుకోవడమే జలజీవశాస్త్ర పరిశోధకుని కర్తవ్యం.

చేప బ్రతుకుటకు తగిన లోతు, ప్రవాహం, నీట కరిగిన ప్రాణవాయువు, గుడ్లు పెట్టుటకు అనువైన తావు కావాలి. వీటి కలయికయే ఆవాసం. తొలివరద రాగానే ఎదురీది గుడ్లు పెట్టే జాతులెన్నో ఉన్నాయి. చేజర్లకు ఎగువన సోమశిల జలాశయం, దిగువన 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజి ఉన్నాయి. ఇవి పైర్లకు ప్రాణాధారాలు. అయినను అడ్డుకట్ట చేపల దారిని మూస్తుంది. వరద వచ్చే వేళను మారుస్తుంది. మితిమీరిన ఇసుక తవ్వకం మడుగుల స్వరూపాన్నే చెరుపుతుంది.

చేపలు తగ్గాయని జాలరి అనుభవంతో చెబుతాడు. ఎంత తగ్గాయో చెప్పుటకు గణన అవసరం. పరిశోధక విద్యార్థి ఒక చెరువులో 100 కొరమీనులను పట్టి, గుర్తువేసి వదిలాడనుకొందాం. కొన్నాళ్లకు 80 పట్టగా, వాటిలో గుర్తున్నవి 10. అనగా ఎనిమిదింట ఒకటి. కనుక చెరువులోని కొరమీనులు సుమారు 800. ఈ పద్ధతికి డెన్మార్కు శాస్త్రవేత్త పీటర్సన్ పేరు స్థిరపడింది. అయితే గుర్తులు ఊడిపోరాదు. గుర్తున్న చేపలు తక్కినవాటితో బాగా కలిసిపోవాలి. ఈలోగా చేపలు వచ్చిపోరాదు.

ఒక ఏడు వల తేలికైనంత మాత్రాన జాతి క్షీణించిందనరాదు. వానల లోపమూ కారణం కావచ్చు. ఒకే చోట, ఒకే రకం వలతో, ఒకే ఋతువులో ఏళ్ల తరబడి పరిశీలించాలి. చెరువులలో కట్ల, రోహు పిల్లలను వదిలినప్పుడు పట్టుబడి తూకం పెరుగుతుంది. ఆ మాటున స్థానిక జాతులు కనుమరుగు కావచ్చు. అందుచేత తూకంతోపాటు జాతులను కూడా లెక్కించాలి.

లెక్క తప్పితే నింద జాలరి వలపై పడుతుంది; అతని ఇంటి పొయ్యి ఆరుతుంది. లెక్క ఆలస్యమైతే ఒక జాతియే అంతరిస్తుంది. ఈ రెండింటి నడుమ నిలిచి సత్యాన్ని వెలికితీయుటకు విద్యార్థికి శాస్త్రజ్ఞానంతోపాటు ఓర్పు, నిజాయితీ కావాలి.

అభ్యాసం: గుర్తువేసిన 60 చేపలను వదిలిన చెరువులో, పిమ్మట పట్టిన 50 చేపలలో 5 గుర్తున్నవైతే, మొత్తం చేపలు సుమారు ఎన్ని?