గుడ్లగూబలు, కోడిపుంజులు: మన దేహంలోని గడియారం

కోడికూతకు ముందే లేచేవాడు బుద్ధిమంతుడనీ, బారెడు పొద్దెక్కిన తరువాత లేచేవాడు సోమరి అనీ తెలుగు ఇళ్ళలో తరతరాలుగా పాతుకొనిపోయిన అభిప్రాయం. బ్రాహ్మీ ముహూర్తంలో చదివిన చదువే వంటబడుతుందని పెద్దలు చెబుతారు. అమెరికాలో స్థిరపడిన కుటుంబాలలో ఈ అభిప్రాయం ఒక్కొక్కప్పుడు కలహానికి కూడ దారితీస్తుంది. స్వదేశం నుండి వచ్చిన తాతగారు తెల్లవారుజామున నాలుగింటికే లేచి స్నానం ముగిస్తారు. హైస్కూలులో చదివే మనుమడు రాత్రి ఒంటిగంట దాకా మేలుకొని, శనివారం పదకొండింటికి గాని కళ్ళు తెరవడు. తప్పు ఎవరిది? ఎవరిదీ కాకపోవచ్చునని జీవశాస్త్రం చెబుతున్నది. ఇద్దరి దేహాలలోని గడియారాలు వేరు వేరు వేళలను చూపుతున్నవి.

మొక్క నేర్పిన పాఠం

1729లో ద మెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచి పరిశీలించాడు. సూర్యకాంతి సోకకపోయినా ఆ మొక్క పగటివేళ ఆకులు విప్పి, రాత్రివేళ ముడుచుకొన్నది. అనగా కాలాన్ని కొలిచే సాధనమేదో మొక్కలోనే ఉన్నదన్నమాట.

మనిషి విషయంలో ఇటువంటి పరీక్షను 1938లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నథానియెల్ క్లైట్‌మన్, ఆయన శిష్యుడు రిచర్డ్‌సన్ తమ మీదనే జరుపుకొన్నారు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో 32 రోజులు గడిపి, రోజుకు 28 గంటల లెక్కన జీవించ ప్రయత్నించారు. యువకుడైన రిచర్డ్‌సన్ దేహం ఆ కొత్త లెక్కకు అలవాటు పడినది. నలభై దాటిన క్లైట్‌మన్ దేహోష్ణం మాత్రం 24 గంటల లయను వదలలేదు. మానవుని అంతర్గత గడియారపు చుట్టు సగటున 24 గంటల కన్న కొద్ది నిమిషాలు ఎక్కువని 1999లో హార్వర్డ్ పరిశోధకులు నిర్ధారించారు. ఆ కొద్దిపాటి తేడాను ప్రతిదినం సరిచేసేది వెలుతురే.

గడియారం ఎక్కడ ఉన్నది?

మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ళ నుండి వచ్చే నాడులు కలుసుకొనే చోటికి సరిగా పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉన్నది. ఇదే ముఖ్య గడియారం. కంటిపొరలో చూపుతో నిమిత్తం లేకుండ వెలుతురును మాత్రమే కొలిచే ప్రత్యేక కణాలున్నవని 2002లో వెల్లడి అయినది. సుమారు 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నీలికాంతికి ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. వీటి కబురు అందుకొని ముఖ్య గడియారం పీనియల్ గ్రంథిని అదుపులో ఉంచుతుంది. చీకటి పడిన తరువాత ఆ గ్రంథి సెరటోనిన్‌ను మెలటోనిన్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. దేహానికి రాత్రి అయినదని చాటింపు వేసేది ఈ మెలటోనినే. దీనిని 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఏరన్ లెర్నర్ తొలిసారిగా వేరుచేశాడు.

గడియారపు యంత్రాంగం జన్యువులలో ఉన్నది. 1971లో కొనొప్కా, బెంజర్ అనే శాస్త్రజ్ఞులు పండ్ల ఈగలలో ఒకే జన్యువులోని మార్పుల వలన కొన్నిటి రోజు 19 గంటలకు కుదించుకొనిపోవడం, కొన్నిటి రోజు 28 గంటలకు సాగడం, కొన్నిటికి లయే లేకపోవడం గమనించారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను రాత్రి కణంలో పేరుకొని, తన జన్యువు పనిని తానే ఆపివేస్తుంది. తరువాత క్రమంగా విచ్ఛిన్నమై, జన్యువు మరల పని ప్రారంభించేందుకు దారి ఇస్తుంది. ఈ యంత్రాంగాన్ని వివరించిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

నిద్రకు రెండు పగ్గాలు

‘నిద్ర సుఖమెరుగదు’ అన్నది మన సామెత. రసాయనశాస్త్ర దృష్టిలో ఇది సగం సత్యం. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసీన్ అనే పదార్థం పేరుకొని నిద్రమత్తు కలిగిస్తుంది. అది మితిమీరితే కటికనేల మీదనైనా నిద్ర పడుతుంది. రెండవ పగ్గం గడియారం చేతిలో ఉన్నది. దాని వేళ కాకముందే పడుకొంటే పట్టుపరుపు మీద కూడ కునుకు రాదు. ‘పది గంటలకే పడుకోరాదా?’ అని పిల్లవానిని మందలించే తల్లిదండ్రులు ఈ రెండవ సగాన్ని గుర్తుంచుకోవాలి.

కాఫీలోని కెఫీన్ అడినోసీన్ కూర్చొనవలసిన పీటను తాను ఆక్రమిస్తుంది. దేహంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంకాలం నాలుగింటికి 100 మిల్లీగ్రాముల కెఫీన్ లోపలికి పోతే, రాత్రి తొమ్మిదింటికి 50, రెండింటికి ఇంకా 25 మిల్లీగ్రాములు మిగిలి ఉంటాయి.

వయస్సు, వంశం

ఎవరు ఏ జాతివారో తెలుసుకొనడానికి హార్న్, ఓస్ట్‌బర్గ్ అనేవారు 1976లో 19 ప్రశ్నల పట్టికను తయారుచేశారు. ఎక్కువమంది మధ్యస్థంగా ఉంటారు. రెండు కొసలలోను ఉన్నవారు కొద్దిమందే. కొన్ని కుటుంబాలలో సాయంత్రం ఏడున్నరకే నిద్ర ముంచుకొని రావడానికి ఒక జన్యువులోని మార్పు కారణమని 2001లోను, మరికొన్ని కుటుంబాలలో అర్ధరాత్రి దాటినా నిద్ర రాకపోవడానికి వేరొక జన్యువులోని మార్పు కారణమని 2017లోను తేలినది.

వయస్సు కూడ ముఖ్యమే. యౌవనారంభంలో గడియారం వెనుకబడడం మొదలై, సుమారు 20 ఏళ్ళప్పుడు మిక్కిలి ఆలస్యంగా నడుస్తుంది. ఆపైన వయస్సుతో పాటు మరల ముందుకు జరుగుతుంది. కనుక తాతగారి వేకువ, మనుమని అర్ధరాత్రి రెండూ ప్రకృతి సహజాలే. అమెరికన్ శిశువైద్యుల సంఘం 2014లో మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు ఎనిమిదిన్నరకు ముందు తెరవరాదని కోరింది. కాలిఫోర్నియాలో 2022 జులై నుండి చాలా హైస్కూళ్ళకు ఇది చట్టమైనది.

ప్రతి సోమవారం విమానయానం

వారం రోజులలో రాత్రి 11 నుండి 6 వరకు నిద్రించే బాలుని నిద్రకు నడిమి వేళ రెండున్నర. సెలవు దినాలలో అతడు 2 నుండి 10 వరకు నిద్రిస్తే నడిమి వేళ 6. తేడా మూడున్నర గంటలు. న్యూయార్క్‌కు, లాస్ ఏంజెలిస్‌కు మధ్య తేడా మూడు గంటలే! ఆ బాలుడు ప్రతి శుక్రవారం పశ్చిమ తీరానికి వెళ్ళి, ప్రతి సోమవారం తిరిగివస్తున్నట్లే. హైదరాబాదు సహోద్యోగులతో రాత్రిళ్ళు ఫోన్లలో మాట్లాడి, ఉదయమే కార్యాలయానికి కారు నడుపుకొని పోయే పెద్దల స్థితి కూడ ఇంతే. చక్రం వెనుక కునుకు ప్రాణాంతకం.

చేయదగినది

గడియారాన్ని కొంతవరకు జరపవచ్చును. లేవగానే అరగంట ఆరుబయట గడపడం ఉత్తమం. మబ్బు పట్టిన రోజున కూడ బయటి వెలుతురు ఇంటి దీపాల కన్న ఎన్నో రెట్లు అధికం. పడుకొనడానికి రెండు గంటల ముందు నుండి దీపాలు తగ్గించి, ఫోను తెరలను దూరం పెట్టాలి. సెలవు దినాన లేచే వేళ మామూలు కన్న గంటకు మించి మారకపోతే మేలు. మధ్యాహ్నం తరువాత కాఫీ మానాలి. మెలటోనిన్ బిళ్ళలు అమెరికాలో చీటీ లేకుండ దొరుకుతాయి. కాని వేళ తప్పి వేసుకొంటే గడియారం తప్పుదిశలో జరిగే ప్రమాదమున్నది. కనుక ముఖ్యంగా పిల్లలకు వైద్యుని అడగకుండ ఇవ్వరాదు.

కౌమారంలో ఉన్నవారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. పిల్లవాడు ఎన్నింటికి లేచాడని అడిగే ముందు, ఎన్ని గంటలు నిద్రపోయాడని అడగడం న్యాయం. తగినంత నిద్రించినా పగలంతా మత్తు వదలకపోతే, అది గడియారం సంగతి కాకపోవచ్చును. అప్పుడు వైద్యుని సంప్రదించాలి.