పటములో కనబడనివారు

చదువవలసిన భాగము: యెహోషువ 4:1-9



మొన్న హైదరాబాదు ఉస్మాన్‌గంజ్ బజారునకు సరుకులకై పోయినప్పుడు, ఒక కొట్టు గోడమీద మెదకు దేవాలయపు పటము గల క్యాలెండరు మాకు కనబడెను. 175 అడుగుల గోపురమును, కొనదేలిన కమానులను చూచి సంతోషించితిమి. అయితే ఎంతసేపు చూచినను, ఆ రాళ్లు మోసినవారు ఒక్కరును అందులో కనబడలేదు.

పటము జ్ఞాపకమును నిలుపును. ఒక్కొక్కప్పుడు దానిని తప్పుదారి పట్టించును. పారిస్ నగరములో నోత్రదామ్ అను ప్రాచీన గోతిక్ దేవాలయము కలదు. 1850 మొదలుకొని షార్ల్ మెరియన్ అను చిత్రకారుడు ఆ నగరపు పాత కట్టడములను చిత్రించెను. అతని కన్నులు రంగులను సరిగా గుర్తింపలేవు. కావున రంగులు విడిచి, రాగి రేకునకు మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆ గీతలను ఆమ్లముతో తినిపించి, సిరా నింపి కాగితముపై అచ్చొత్తెను. తరువాత ఆ పాత వీధులు అనేకము పడగొట్టబడెను. అతని అచ్చులు నిలిచెను. అయితే 1853లో అతడు దేవాలయముపైనున్న ఒక వికృతమైన రాతిబొమ్మను చిత్రించెను. అది మధ్యయుగపుదని చాలమంది తలంచుచు వచ్చిరి. నిజమునకు అది ఆ దినములలో జరిగిన మరమ్మతులలో క్రొత్తగా పెట్టబడినదే!

మెదకు దేవాలయపు పని 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. పోస్నెట్ దొరగారి పేరు మనమందరము ఎరుగుదుము. కరవు దినములలో అన్నముకొరకు అక్కడ పనిచేసినవారి పేర్లు ఎందరు చెప్పగలరు?

యొర్దానులోనుండి తెచ్చిన పండ్రెండు రాళ్లు తమంతట తాము మాటలాడలేదు. పిల్లలు అడుగవలెను, పెద్దలు చెప్పవలెను. ఇదే దేవుడు నియమించిన పద్ధతి.

ఈ విషయములో మేమును తప్పినవారమే. మా సంఘములో పెంకుటి మందిరమును పడగొట్టిన దినమున ఫోటో తీయించితిమి. దాని పునాదికి మన్ను మోసిన వృద్ధురాలు ఆ ఫోటోలో ఒక అంచున నిలిచియున్నది. ఎవరెవరు కట్టిరని ఆమెను మేము అడుగలేదు. కోత పండుగకు ముందే ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమెతో ఆ పేర్లును పోయెను. ఫోటో మాత్రము మాయొద్ద ఉన్నది.

ఆలోచించుడి:

1. మీ మందిరమును కట్టినవారిని ఎరిగిన పెద్దలు ఎవరు? ఈ నెలలోనే వారియొద్దకు పోయి వినుడి.

2. వినినదానిని మరియొకరిని అడిగి సరిచూచి, సంఘపు పుస్తకములో వ్రాయుడి.