పనికి తగిన ఫోను

15 వేల నుంచి 25 వేల రూపాయల మధ్య టచ్ ఫోను కొనాలనుకుంటే, అంగట్లో కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు ఇంకో సంగతి చూసుకోండి. మీరు పనిచేసేది ఎండలోనా, దుమ్ములోనా, నీడలోనా? రోజంతా మీ చేతులు ఏం పట్టుకుంటాయి? ప్రొద్దుటూరు బంగారు అంగడిలో సేల్స్‌మన్‌కు, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి, పులివెందుల చీనీ తోటల చుట్టూ తిరిగే వ్యాపారికి ఒకే ఫోను సరిపోదు. చాలామందికి అది ఒక నెల జీతం. అందుకే అది పనికి ఉపయోగపడి తీరాలి.

బండల పనిలో, మగ్గం మీద, నగల పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల వేలిముద్రలు అరిగిపోతాయి. ఫోను వేలిని గుర్తుపట్టకపోతే లోపం ఫోనుదేనని అనుకోవద్దు. తక్కువ అరిగిన వేలు, ఎడమచేతి ఉంగరపు వేలు లాంటిది, రెండుసార్లు నమోదు చేయండి. దాంతోపాటు ఆరంకెల పిన్ పెట్టుకోండి. పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు. తడిచేత్తో టచ్ సరిగా పనిచేయదు, ఎందుకంటే తెర మన వేలి విద్యుత్ వాహకతను బట్టి స్పందిస్తుంది, నీటి చుక్క దాన్ని తికమక పెడుతుంది. దుమ్ములో పనిచేసేవాళ్లు పెట్టె మీద ఐపీ54 గానీ అంతకంటే పెద్ద అంకె గానీ ఉందేమో చూడండి. దుమ్మూ నీటి తుంపరలూ లోపలికి చేరి ఫోనును పాడుచేయకుండా ఆ మోడల్‌ను పరీక్షించారని దాని అర్థం. నీళ్లలో ముంచొచ్చని కాదు.

మన ఎండలు తెలిసినవే. ఫోను ఎంచుకునేటప్పుడు అంగడి గడప దాటి ఎండలోకి తీసుకెళ్లి, తెర మీద ఒక క్యూఆర్ కోడ్ తెరిచి చూడండి. కనబడకపోతే అది మీకు పనికిరాదు, ఎన్ని ఫీచర్లు చెప్పినా సరే. ఆటో డ్యాష్‌బోర్డు మీద, బైకు ట్యాంకు మీద ఫోనును ఎండకు వదలొద్దు, అక్కడే ఛార్జింగ్ పెట్టొద్దు. వేడికి బ్యాటరీ ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. కాలిపోతోందని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే లోపల తేమ పట్టి సర్క్యూట్ పాడుకావచ్చు. నీడలో పెట్టి కవరు తీస్తే చాలు.

ఈ ధరలో 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, 128 జీబీ నిల్వ మామూలే. ఇంకా అడగాల్సినవి మూడు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? సర్వీస్ సెంటర్ ప్రొద్దుటూరులోనో కడపలోనో ఉందా? తెర పగిలితే మార్చడానికి ఎంతవుతుంది? బ్యాంకు యాప్‌లు ఉండే ఫోనుకు మొదటి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. బిల్లు మీద 15 అంకెల ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు) రాయించుకోవడం మరవొద్దు.

ప్రొద్దుటూరును పసిడిపురి అంటారు. అక్కడి అంగళ్లలో పనిచేసే యువకులు నేర్చుకోవలసిన ఒక పని ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ బంగారు నగల మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని కొడితే ఆ నగ స్వచ్ఛత, ముద్ర వేసిన కేంద్రం లాంటి వివరాలు వస్తాయి. కొనేవాళ్ల ముందే ఇది చూపించగలిగిన సేల్స్‌మన్ మాట మీద నమ్మకం కుదురుతుంది. ఆ ముద్ర చాలా చిన్నది కాబట్టి చదవడం కష్టం. 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా వాడొద్దు. అసలు కెమెరాను కొంచెం దూరంగా పట్టి జూమ్ చేయండి, స్పష్టంగా వస్తుంది.

చీరలు పంపే నేతన్నలకూ బట్టల అంగడివాళ్లకూ రంగే ప్రాణం. ట్యూబ్‌లైటు కింద ఫొటో తీస్తే మెరూన్ ఎరుపులా కనబడొచ్చు. ఉదయం పూట వాకిట్లో, నీడలో తీయండి. రంగులను పెంచే ఫిల్టర్లు ఆపేయండి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు. చీర చేరాక “రంగు వేరే ఉంది” అని వెనక్కి పంపే బాధ చాలావరకు తప్పుతుంది.

చీనీ బేరంలో మాట మారడం తోట రైతులకు పాత కష్టమే. టన్ను ధర, సూటు (తరుగు) ఎంత, కోత ఎప్పుడు అన్నది నోటిమాటగా అనుకున్న వెంటనే ఒక వాట్సాప్ మెసేజ్ రాసి దళారీకి పంపండి, “సరే” అని జవాబు తెప్పించుకోండి. తెలుగు టైపింగ్ రాకపోతే కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, అదే తెలుగులో రాస్తుంది. కాటా చీటీని అక్కడికక్కడే ఫొటో తీయండి. డబ్బు పడేటప్పుడు ఒకటే నియమం: యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి పోతుందనే.

చాలామంది ఫోనులో చూసుకోనిది మాత్రం పీఎఫ్ లెక్క. చట్టం ప్రకారం 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పీఎఫ్ ఉండాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు జీతంలో పీఎఫ్ కోత చూస్తారు గానీ ఆ డబ్బు జమ అవుతోందో లేదో చూడరు. యూఏఎన్‌కు (మీ పీఎఫ్ ఖాతా నంబరుకు) మీ ఫోను నంబరు జతచేసి ఉంటే 99660 44425కు మిస్డ్ కాల్ ఇవ్వండి, మొత్తం ఎంతుందో ఎస్సెమ్మెస్ వస్తుంది. ఉమంగ్ యాప్‌లో నెలనెలా లెక్క ఉంటుంది. రెండు నెలలు జమ కాకపోతే కాంట్రాక్టర్‌ను అప్పుడే అడగండి. ఏడాది తర్వాత అడిగితే ఆయన కాంట్రాక్టు ముగించుకుని వెళ్లిపోయి ఉండొచ్చు. ఈ లెక్కలన్నీ ఒకే ఫోను నంబరుకు ముడిపడి ఉంటాయి. ఆఫర్ కోసం నంబరు మార్చొద్దు, కావాలంటే అదే నంబరుతో కంపెనీ మార్చుకోండి.

సర్టిఫికెట్ల కోసం పని ఎగ్గొట్టి ఆఫీసులకు తిరిగేవాళ్లకు ఇంకో మార్గం ఉంది. 2025 జనవరి 30న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ, మన మిత్ర. 95523 00009 నంబరుకు “హాయ్” అని పంపితే చాలా సేవలు కనబడతాయి. పెళ్లిపత్రికనో, ప్రభుత్వ పథకమనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే మాత్రం తెరవొద్దు. అది ఇన్‌స్టాల్ అయితే మీ ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు ఇంకొకరి చేతికి పోవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఫోనే పోతే ముందు బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. తర్వాత సిమ్ బ్లాక్ చేయించండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నమోదు చేయండి. అప్పుడు ఏ సిమ్ వేసినా ఆ ఫోను దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. బిల్లు కనబడకపోయినా ఐఎంఈఐ చేతిలో ఉండాలంటే ఈ రోజే స్టార్, హ్యాష్, 06, హ్యాష్ అని డయల్ చేసి, వచ్చిన అంకెలను ఇంట్లో రేషన్ కార్డు వెనక రాసి పెట్టండి.