'మైనర్' అంటే ఎంత చిన్నది?

మన సీతాఫల్‌మండి స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఆగుతుంది. పక్కనున్న సికింద్రాబాద్ జంక్షన్‌తో పోలిస్తే ఇది చిన్న స్టేషన్. ఇంగ్లీషులో చెప్పాలంటే 'మైనర్ స్టేషన్'. కానీ ఇక్కడ రైలెక్కి తర్వాతి స్టేషన్ అయిన ఆర్ట్స్ కాలేజీలో దిగి విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థికి ఇంతకంటే ముఖ్యమైన స్టేషన్ ఏముంటుంది? మైనర్ అనే మాటతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. అందుకే ఈ ఏడాది పాఠానికి ఆ మాటనే ఎంచుకున్నాను.

మాట పుట్టుక

'మైనర్' లాటిన్ మాట. దాని అర్థం 'చిన్నది' కాదు, 'దానికన్నా చిన్నది'. లెక్కల్లో వాడే 'మైనస్' దీని తోబుట్టువే. మంత్రిగారిని పిలిచే 'మినిస్టర్' కూడా ఈ కుటుంబంలోదే. దాని అసలు అర్థం సేవకుడు!

మైనర్‌లో పోలిక దాగి ఉంది కాబట్టి ఎవరైనా ఆ మాట అంటే 'దేనికన్నా? ఎవరికి?' అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలు గుర్తుంటే పాఠంలో సగం వచ్చినట్టే.

మన వాడుకలో నాలుగు మైనర్లు

1. వయసు. 1875 నాటి భారత మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు మైనర్లు. ఉర్దూలో నాబాలిగ్ అంటాం. ఇక్కడ ప్రాధాన్యం ఊసే లేదు. అరవై ఏళ్ల పెద్దమనిషి వినయంగా 'ఐ యామ్ ఎ మైనర్ డోనర్' అని రాస్తే, రసీదు రాసేవారు 'మీ సంరక్షకుడి సంతకం ఏదండీ?' అని అడగాల్సి వస్తుంది. 'స్మాల్ డోనర్' అంటే సరిపోతుంది.

2. సంఖ్య. మైనారిటీ అంటే సంఖ్యలో తక్కువ అని మాత్రమే, విలువలో తక్కువ అని కాదు. ఉర్దూ 'అఖల్లియత్' కూడా అరబ్బీలో 'మరింత తక్కువ' అనే మాట నుంచే వచ్చింది. ఇదీ పోలికే. తెలుగువారు ఇక్కడ అధిక సంఖ్యాకులు. చెన్నైకి వెళ్లి స్థిరపడితే భాషాపరంగా మైనారిటీ. మనిషి మారలేదు, పక్కనున్న లెక్క మారింది. రాజ్యాంగంలోని 30వ అధికరణం విద్యాసంస్థలు స్థాపించుకునే హక్కును మతపరమైన మైనారిటీలతో పాటు భాషాపరమైన మైనారిటీలకు కూడా ఇచ్చింది.

3. పరిమాణం. 2,000 హెక్టార్ల వరకు ఆయకట్టు ఉన్న నీటి వనరును ప్రభుత్వం 'మైనర్ ఇరిగేషన్' కింద లెక్కిస్తుంది. అంటే దాదాపు 5,000 ఎకరాలు. తెలంగాణలో ఇలాంటి చెరువులు, కుంటలు 46 వేలకు పైగా ఉన్నాయి. పెద్ద ప్రాజెక్టు పక్కన పెడితే చెరువు మైనరే. దాని కింద మడి ఉన్న రైతుకు కాదు.

4. తీవ్రత. మైనర్ దెబ్బ, మైనర్ తప్పు, మైనర్ ఆపరేషన్. మన ఇళ్లల్లో 'మామూలీ దెబ్బ' అంటాం. తెలుగులో స్వల్ప గాయం.

ఒక హెచ్చరిక. గనిలో పనిచేసే కార్మికుడిని కూడా ఇంగ్లీషులో 'మైనర్' అంటారు. చెవికి రెండూ ఒకటే. రాసేటప్పుడు చిన్నవాడికి చివర ఓ-ఆర్, గని కార్మికుడికి ఇ-ఆర్. సింగరేణి మీద వ్యాసం రాసే పిల్లలు జాగ్రత్త.

దగ్గరి మాటలు, దూరపు అర్థాలు

'స్లైట్' అంటే కొద్దిపాటి. జ్వరానికి, నొప్పికి, తేడాకు నప్పుతుంది. ఇందులో తక్కువచేసే భావం లేదు.

'పెటీ' అంటే చిల్లర. 'పెటీ క్యాష్' అంటే చిల్లర ఖర్చులకు ఉంచుకున్న సొమ్ము, తప్పులేదు. మనిషికి తగిలిస్తే మాత్రం తిట్టు: చిల్లరబుద్ధి గలవాడు.

'ట్రివియల్' అంటే పట్టించుకోనక్కర్లేనిది. లాటిన్‌లో మూడు దారుల కూడలికి సంబంధించిన మాట నుంచి వచ్చింది. ఎదుటివారి కష్టానికి ఈ మాట వాడకూడదు.

'నెగ్లిజిబుల్' అంటే లెక్కలోంచి తీసేసినా తేడా రానంత తక్కువ. మీ చందాతో పాటు 'ఈ నెగ్లిజిబుల్ మొత్తాన్ని స్వీకరించండి' అని రాయకండి. మా లెక్కల్లో తీసేయదగ్గ రూపాయి లేదు. వినయానికి 'మోడెస్ట్' చక్కని మాట.

'సెకండరీ' అంటే వరుసలో రెండోది. సెకండరీ స్కూల్ ప్రైమరీ తర్వాత వచ్చేది, దానికంటే తక్కువది కాదు.

'మార్జినల్' అంటే అంచున ఉన్నది. రెండున్నర ఎకరాల వరకు భూమి ఉన్నవారు మార్జినల్ రైతులు. ఐదెకరాల వరకు ఉన్నవారు స్మాల్ రైతులు. తెలుగులో సన్నకారు, చిన్నకారు అని ఎంత అందంగా విడదీశారో చూడండి.

నేను నేర్చుకున్న పాఠం

ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పిన నేనే ఈ మాట దగ్గర తప్పటడుగు వేశాను. కొన్నేళ్ల క్రితం ఫీజుల సాయం కోసం వచ్చిన దరఖాస్తులను వరుసలో పెట్టే పని నాకు అప్పగించారు. ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఇంగ్లీషులో చక్కగా రాసింది: మా నాన్నగారికి చేతికి మైనర్ ఆపరేషన్ అయింది, పరీక్ష ఫీజుకు సాయం చేయగలరు. మైనరే కదా అనుకున్నాను. ఆ కాగితం కట్టలో అడుక్కి వెళ్లింది.

ఆ నాన్న ఆటో నడిపేవారు. ఆపరేషన్ అరగంటే. కానీ కుట్లు మాని, చేతికి పట్టు వచ్చి, మళ్లీ ఆటో హ్యాండిల్ పట్టేసరికి రెండు నెలలైంది. మేము కబురు పెట్టేటప్పటికి వాళ్లు అప్పు చేసి, ఆలస్య రుసుముతో ఫీజు కట్టేశారు. నేను క్షమించమంటే ఆ అమ్మాయి అంది: "పర్వాలేదు సార్, డాక్టరుగారు అన్న మాటే రాశాను."

ఆమె రాసిన ఇంగ్లీషులో తప్పు లేదు. చదివిన నాలోనే ఉంది. వైద్యుడికి మైనర్ అయినది రోజు కూలీ ఇంటికి మేజర్. 'ఎవరికి?' అన్న ప్రశ్న నేను వేసుకోలేదు.

అప్పటి నుంచి నా చేతికి వచ్చిన ప్రతి దరఖాస్తు విషయంలో ఒక మాట అడుగుతున్నాను: 'దీనివల్ల ఇంట్లో ఎన్ని రోజులు సంపాదన ఆగింది?' ఆ అంకె చూశాకే వరుస నిర్ణయిస్తాను. సాయం అడిగి మీ గుమ్మం ముందుకు వచ్చేవారిని మీరూ ఇలాగే అడిగి చూడండి.

ఇంట్లో పిల్లలతో సాధన

స్లైట్, మైనర్, సెకండరీ, మోడెస్ట్: ఈ నాలుగింటిలో తగినది ఎంచండి.

1. దస్తావేజులో ఆస్తి 16 ఏళ్ల కుర్రాడి పేరున ఉంది. అతను ఎవరు?
2. పాపకు కొద్దిపాటి జ్వరం.
3. పెద్దాయన వినయంగా ఇచ్చిన వంద రూపాయలు.
4. పదో తరగతి పూర్తయ్యాక చేతికొచ్చే సర్టిఫికెట్.

జవాబులు: మైనర్, స్లైట్, మోడెస్ట్, సెకండరీ. నాలుగూ సరిగ్గా చెప్పిన పిల్లలను ఐదో ప్రశ్న కూడా అడగండి: నాన్న చేతికి అయిన 'మైనర్' ఆపరేషన్ ఎవరికి చిన్నది, ఎవరికి పెద్దది?