పేర్ల బాధ్యత ఊరి చేతికి: హ్యామ్ నెట్‌వర్కుల్లో డీఎన్‌ఎస్ అప్పగింత

ఆల్ప్స్ పర్వతాల్లో ఒక శిఖరం మీద హ్యామ్ రేడియో ఔత్సాహికుల రిలే స్టేషన్ ఉందనుకోండి. కింది లోయలోని ఊళ్లకు అక్కడి నుంచే మైక్రోవేవ్ లింకులు. మంచు తుపానుకు ఇంటర్నెట్ కేబుల్ తెగినా ఆ ఊళ్ల మధ్య రేడియో దారి పనిచేస్తూనే ఉంటుంది. కానీ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చి చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ కేబుల్‌కు అవతల ఉంటే? పక్క ఊరి మెయిల్ సర్వర్ నిక్షేపంగా ఉన్నా, పేరు చెబితే ఆచూకీ దొరకదు.

ఆస్ట్రియా, జర్మనీ హ్యామ్‌లు నిర్మించుకున్న 'హామ్‌నెట్' చిరునామాలు 44తో మొదలవుతాయి. 1981లో హ్యాంక్ మాగ్నస్కీ చొరవతో ప్యాకెట్ రేడియో ప్రయోగాలకు దక్కిన 1.67 కోట్ల చిరునామాల్లోవే ఇవి. అందులో నాలుగో వంతును 2019లో అమెజాన్‌కు అమ్మారు. జర్మనీ హ్యామ్‌లు వాడుతున్నవి కొన్ని ఆ భాగంలో ఉండటంతో వాళ్లు నంబర్లు మార్చుకోవాల్సి వచ్చింది. నంబరు మారినా పేరు అదే ఉంటే వాడేవారికి ఇబ్బంది ఉండదు. కాకపోతే ఆ మార్పును ఎవరో ఒకరు డీఎన్‌ఎస్‌లో నమోదు చేయాలి.

ఆ పని దూరాన ఉన్న ఒక్క నిర్వాహకుడిదే అయితే అందరూ ఆయన తీరిక కోసం ఎదురుచూడాలి. హ్యామ్ నెట్‌వర్కుల్లో అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవారే మరి. అందుకే పేర్ల చెట్టులో ఒక కొమ్మను 'జోన్'గా విడదీసి స్థానికులకు అప్పగిస్తారు. ఆ కొమ్మ గురించి పై జోన్‌లో ఎన్‌ఎస్ రికార్డులు మిగులుతాయి: 'ఈ సంగతి ఫలానా సర్వర్లను అడగండి' అని. ఆ సర్వర్ పేరు అదే కొమ్మలో ఉంటే దాని ఐపీ చిరునామానూ పైనే రాసిపెట్టాలి. దీన్ని గ్లూ రికార్డు అంటారు. అది లేకపోతే తాళంచెవి ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే.

అప్పగించినంత మాత్రాన తుపాను రోజు గట్టెక్కలేం. పేరు వెతికే రిజాల్వర్ మామూలుగా రూట్ సర్వర్ నుంచి మొదలుపెడుతుంది. కేబుల్ తెగితే రూట్ అందదు, ఊళ్లోనే ఉన్న సర్వర్ దాకా ప్రశ్న రాదు. కాబట్టి స్థానిక జోన్ కోసం నేరుగా స్థానిక సర్వర్‌నే అడగాలని రిజాల్వర్‌కు ముందే చెప్పి ఉంచాలి. ఇంకో కొండ మీద జోన్ నకలుతో రెండో సర్వర్ కూడా కావాలి. అసలు సర్వర్ అందకపోయినా 'ఎక్స్‌పైర్' గడువు తీరేదాకా నకలు జవాబిస్తూనే ఉంటుంది. ఈ గడువు 2 నుంచి 4 వారాలు ఉండాలని 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1912 సూచించింది.

అసలు గండం మనుషులతోనే. నిర్వాహకుడు ఊరు మారతాడు, సర్వర్ ఆగిపోతుంది, పై జోన్ మాత్రం ఇంకా అటే చూపిస్తుంటుంది. ఇలాంటి 'లేమ్ డెలిగేషన్' ఎవరో ఫిర్యాదు చేసేదాకా బయటపడకపోవచ్చు.

భద్రత దగ్గర మరో మెలిక. సందేశం అర్థాన్ని దాచే ఎన్‌క్రిప్షన్ హ్యామ్ బ్యాండ్లలో చాలా దేశాల్లో నిషిద్ధం. డీఎన్‌ఎస్‌సెక్ దేన్నీ దాచదు. జవాబు మీద డిజిటల్ సంతకం మాత్రం చేస్తుంది. ఆ సంతకాలతో జవాబు బరువెక్కుతుంది: సెకనుకు 1200 బిట్ల పాత ప్యాకెట్ లింకు మీద 512 బైట్లకే కనీసం 3.4 సెకన్లు పడుతుంది. పైగా స్థానిక నిర్వాహకుడు జోన్ ప్రధాన కీ మార్చినప్పుడు పై జోన్‌లోని డీఎస్ రికార్డునూ మార్పించాలి. అది మర్చిపోయి పాత కీ తీసేస్తే, సంతకాలు సరిచూసే రిజాల్వర్లు జోన్ మొత్తాన్ని తిరస్కరిస్తాయి.