పడవ నెత్తిన యాంటెనా

2017లో మన నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరారు. ప్రపంచం చుట్టి 2018 మే నెలలో తిరిగి వచ్చారు. వారిలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు.

నడిసముద్రంలో మెకానిక్ దొరకడు. మరమ్మతులు పడవలో ఉన్నవాళ్ళే చేసుకోవాలి. యాంటెనా పని అలాంటిదే.

తెరచాప కట్టే స్తంభం కొసన యాంటెనా ఉంటుంది. ఎత్తున ఉంటేనే రేడియో మాట దూరం పోతుంది. ఉప్పుగాలికి వైరు చిలుమెక్కుతుంది. పెనుగాలికి యాంటెనా విరుగుతుంది. అప్పుడు ఆపదలో పిలిచినా ఎవరికీ వినపడదు.

బాగు చేసేదెలా?

1. ముందు రేడియో ఆపాలి. యాంటెనా లేకుండా మాట్లాడితే సెట్టు పాడవుతుంది.
2. నడుముకూ తొడలకూ పట్టే బెల్టు వేసుకుని, దానికి తాడు కట్టుకుని ఎక్కాలి. కింద ఇంకొకరు ఆ తాడు వదలకుండా పట్టుకోవాలి.
3. చిలుమెక్కిన వైరు ముక్క కోసి, కొత్త పిన్ను బిగించాలి. యాంటెనా విరిగితే కొత్తది పెట్టాలి.
4. నీరు చేరకుండా అతుకుకు టేపు చుట్టాలి.
5. దిగి, ఇంకో పడవతో మాట్లాడి చూడాలి.

గాలి ఎక్కువగా ఉంటే ఎక్కకూడదు. అందుకే ఇంకో యాంటెనా దగ్గర ఉంచుకోవాలి. దాన్ని కిందనే కట్టినా దగ్గరి పడవలకు మాట అందుతుంది.

ఆలోచించండి: మీ ఊళ్ళో ఆడవాళ్ళు చేసే మరమ్మతులు ఏవి?