ఆ చక్రం ఆ కారుదేనా?

ఇంగ్లీషు సినిమాల్లో వెనక చక్రాల నుంచి పొగ లేపుతూ దూసుకెళ్లే పొడుగాటి పాత కార్లు చూసే ఉంటారు. వాటిని మజిల్ కార్లు అంటారు. మామూలు సైజు బాడీలో పెద్ద ఇంజన్ బిగించి, కుర్రాళ్లకి అందే ధరలో అమ్మడం వాటి సూత్రం. 1964లో పాంటియాక్ జీటీవోతో ఈ మోజు ఊపందుకుంది. 1970ల మొదట్లో ఇన్సూరెన్స్ ఖర్చు, పొగ నిబంధనలు, పెట్రోలు కష్టాలు కలిసి దాన్ని ముగించాయి.

ఇప్పుడు ఆ కార్ల ధర ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భాగాలు ఇంకా దాని మీదే ఉన్నాయా? ఈ వ్యాసంలో ఇంజన్ జోలికి పెద్దగా పోను. చక్రాలు, డిక్కీలో ఉండే స్టెప్నీ గురించే చెప్తాను. సీఎస్ఈ వాడికి ఇందులో పనేంటి అనుకోకండి. ఇది అచ్చంగా డేటా వెరిఫికేషన్ సమస్య.

నాకు దీని గురించి తెలిసింది మా పెద్దనాన్న గారి అబ్బాయి వల్ల. అన్నయ్య ఒహాయోలో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్లు దాచుకున్న డబ్బుతో 1969 షెవర్లే కమారో జెడ్/28 బేరం చేస్తున్నాడు. అమ్మే పెద్దాయన "స్టెప్నీతో కలిపి ఐదు చక్రాలూ కారుతో పుట్టినవే" అంటూ వాటికి విడిగా ఎక్కువ రేటు చెప్పాడు. అన్నయ్య ఫోటోలు పంపి "ఈ నంబర్లేంటో చూసి చెప్పరా" అన్నాడు. ఆ చూడడం ఎలాగో ఒక్కో మెట్టూ చెప్తాను.

ముందు కారు పుట్టినరోజు

చక్రం వయసు తేల్చాలంటే ముందు కారు వయసు తెలియాలి. 1969 కమారోలో ఇంజన్ వెనక గోడ మీద చిన్న రేకు బిగించి ఉంటుంది. దాని మీద "04సీ" లాంటి కోడ్ ఉంటుంది. 04 అంటే నాలుగో నెల, సీ అంటే ఆ నెలలో మూడో వారం. అంటే బాడీ ఏప్రిల్ మూడో వారంలో తయారైందన్నమాట.

ఛాసిస్ నంబర్‌లో కూడా కొంత సమాచారం ఉంటుంది. వీ8 ఇంజన్ ఉన్న 1969 కమారో కూపే నంబర్ 124379తో మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చే అక్షరం ఎన్ అయితే ఒహాయోలోని నార్వుడ్ ఫ్యాక్టరీ, ఎల్ అయితే కాలిఫోర్నియాలోని వాన్ నైస్ ఫ్యాక్టరీ. కానీ ఆ కారు జెడ్/28 అవునో కాదో ఆ నంబర్ చెప్పదు. మామూలు కమారోని జెడ్/28లా ముస్తాబు చేసి అమ్మే మోసాలకి దారి అక్కడే దొరికింది.

ఇంకో చిక్కు ఉంది. 1969 మోడల్ కార్ల తయారీ 1968 ఆగస్టు, సెప్టెంబరు రోజుల్లోనే మొదలైంది. కాబట్టి 1969 మోడల్ కారుకి 1968లో చేసిన చక్రం ఉండటం తప్పేం కాదు. మోడల్ సంవత్సరం వేరు, క్యాలెండర్ సంవత్సరం వేరు.

చక్రం మీద అచ్చు

ఆ కాలపు షెవర్లే ర్యాలీ చక్రాలకి గాలి కొట్టే వాల్వ్ రంధ్రం పక్కన ఇనుములో అచ్చు గుద్ది ఉంటుంది. చుట్టూ ఉండే మెరుపు రింగు తీస్తేనే అది కనబడుతుంది. అచ్చులో రెండు భాగాలుంటాయి. మొదటిది ఆ చక్రం రకాన్ని చెప్పే రెండక్షరాల కోడ్. 1969 జెడ్/28ల మీద కనిపించే కోడ్‌లలో వైహెచ్ ఒకటి. అది 15 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు ఉన్న చక్రం. రెండోది "కె 1 9 3 18" లాంటి వరస. కె అంటే తయారు చేసిన కెల్సీ హేస్ కంపెనీ, 1 అంటే షెవర్లే, 9 అంటే 1969, 3 అంటే మార్చి, 18 అంటే తారీఖు.

పాత పెయింట్ కింద అచ్చు సరిగ్గా కనబడకపోతే గీకకండి. టార్చిలైటు పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీస్తే నీడల్లో అంకెలు తేలతాయి. లేదంటే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద చేసేవాళ్లం కదా, అదే పద్ధతి.

టేపు పెట్టి కొలవండి

కోడ్ చదివి ఊరుకోకుండా కొలతలు కూడా చూడాలి. చక్రం వెడల్పు అంటే టైరు అంచులు కూర్చునే చోటు నుంచి చోటుకి ఉన్న దూరం. బయటి అంచుల మధ్య కొలిస్తే 7 అంగుళాల చక్రం దాదాపు 8 అంగుళాలు చూపిస్తుంది.

బోల్టు రంధ్రాలు కూడా సాక్షులే. ఐదు రంధ్రాల గుండా గీసిన వృత్తం వ్యాసం కమారోకి 4.75 అంగుళాలు, అంటే 120.65 మిల్లీమీటర్లు. ఫోర్డ్ మస్టాంగ్ వీ8కీ, క్రైస్లర్ వాళ్ల డాడ్జ్ ఛార్జర్‌కీ 4.5 అంగుళాలు, అంటే 114.3 మిల్లీమీటర్లు. మన ఇన్నోవాకీ అదే కొలత. అంటే ఫోర్డ్ చక్రం డాడ్జ్‌కి కూడా పట్టొచ్చు. పైగా మోటార్ వీల్ కంపెనీ చేసిన మాగ్నమ్ 500 రకం చక్రాలు ఇద్దరూ వాడారు. కాబట్టి "బోల్టులు పట్టాయి" అన్నది సాక్ష్యం కాదు.

9 అంటే ఏ 9?

ఇప్పుడు మన సబ్జెక్టు దగ్గరికొద్దాం. అచ్చులో సంవత్సరానికి ఒక్క అంకే ఉంది. స్థలం ఆదా చేద్దామని పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే పెడితే 2000 వచ్చేసరికి వైటూకే గొడవైంది కదా. ఇక్కడ ఒక్క అంకే కాబట్టి పదేళ్లకోసారి అదే గొడవ.

షెవర్లే కార్వెట్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని 8 అంగుళాల ర్యాలీ చక్రం కోడ్ ఏజెడ్. ఆ కోడ్ 1969 నుంచి 1982 దాకా నడిచింది. కాబట్టి ఏజెడ్ చక్రం మీద 9 ఉంటే అది 1969దీ కావచ్చు, 1979దీ కావచ్చు. పదేళ్ల తర్వాతి చక్రాన్ని పాత కారుకి బిగించి, కోడ్ చూపించి అమ్మేయొచ్చు.

తప్పుని పట్టే చెక్ డిజిట్ కూడా ఆ రోజుల్లో లేదు. అమెరికాలో 17 అక్షరాల ఛాసిస్ నంబర్, అందులో తొమ్మిదో చోట చెక్ డిజిట్ 1981 మోడళ్ల నుంచే వచ్చాయి. అంతకుముందు కార్లలో ఏ నంబరూ తనంతట తాను నిజమని చెప్పుకోలేదు. అందుకే ఒకదానికొకటి సంబంధం లేని చోట్ల నుంచి సాక్ష్యాలు తెచ్చి పోల్చాలి.

స్టెప్నీ ఎందుకు మంచి సాక్షి

అప్పట్లో చాలామంది కారు కొన్న కొత్తలోనే ఫ్యాక్టరీ చక్రాలు పీకేసి క్రాగర్ లాంటి మెరిసే చక్రాలు వేయించుకునేవాళ్లు. డిక్కీలో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అందం కోసం స్టెప్నీ మార్చేవాళ్లు ఎవరుంటారు? రోడ్డెక్కని స్టెప్నీకి బోల్టు రంధ్రాల చుట్టూ నట్లు బిగించిన గీతలు ఉండవు. పెయింట్ కూడా ఫ్యాక్టరీది మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

అయితే డిజైన్ చక్రాలు ఆర్డర్ చేసిన కార్లలో కూడా స్టెప్నీగా మామూలు స్టీల్ చక్రం రావడం కద్దు. కాబట్టి ఐదో చక్రం మిగతా నాలుగింటిలా లేదని వెంటనే తోసిపారేయకండి. కొన్ని కార్లకి గాలి లేకుండా ముడుచుకుని ఉండే స్పేస్ సేవర్ స్టెప్నీ వచ్చేది. దానితో పాటిచ్చిన గ్యాస్ డబ్బాతో గాలి నింపుకోవాలి.

టైరు కూడా చదవండి. అమెరికాలో డాట్ గుర్తుతో మొదలై, తయారైన వారం, సంవత్సరం చెప్పే పూర్తి కోడ్ టైరు మీద తప్పనిసరి అయింది 1971లో. 1969 కారు స్టెప్నీ టైరు మీద ఆ కోడ్ కనిపిస్తే అది తర్వాత వేసిన టైరే. 2000కి ముందు ఆ కోడ్‌లో కూడా సంవత్సరానికి ఒక్క అంకే! ఒకవేళ నిజంగా 1969 టైరే దొరికినా దాని మీద కారు నడపకండి. యాభై ఏళ్ల రబ్బరు చూడ్డానికే.

ఐదు చక్రాల లెక్క

ఇక అన్నయ్య ఫోటోల సంగతి. కారు రేకు మీద 04సీ. ఐదు చక్రాల మీదా వైహెచ్ ఉంది. మూడింటి తారీఖులు 1969 మార్చిలోవి. కారు కంటే కొన్ని వారాలు ముందు, చక్కగా సరిపోతాయి. నాలుగోది మే 6. ఏప్రిల్‌లో తయారైన బాడీకి మేలో చేసిన చక్రం ఫ్యాక్టరీలో ఎలా బిగిస్తారు? అది కచ్చితంగా తర్వాత వచ్చిందే. స్టెప్నీ 1968 అక్టోబర్‌ది. ఆరు నెలల తేడా. అసాధ్యం అనలేం, కానీ గోదాములో అన్నాళ్లు ఎందుకుందో అడగాల్సిందే.

ఇక్కడే అసలు పాఠం ఉంది. తారీఖు తప్పితే చక్రం ఆ కారుతో పుట్టలేదని తేలిపోతుంది. తారీఖు సరిపోతే మాత్రం పుట్టిందని తేలదు. పుట్టి ఉండొచ్చు అని మాత్రమే తేలుతుంది. అదే నెలలో చేసిన చక్రాలు ఇంకెన్నో కార్లకి వెళ్లాయి. ఎవరైనా వెతికి వెతికి సరిపోయే తారీఖులవి కొని బిగించి ఉండొచ్చు. అచ్చులు కొత్తగా గుద్దేవాళ్లు కూడా ఉన్నారు. మన టెస్ట్ కేసులన్నీ పాసైనంత మాత్రాన కోడ్‌లో బగ్ లేదని కాదు కదా, ఇదీ అంతే.

అందుకే "తారీఖు సరిపోయే చక్రం", "కారుతో పుట్టిన చక్రం" అన్నవి రెండు వేరు వేరు మాటలు, వాటి ధరలూ వేరు. రెండో మాట అనాలంటే కాగితాలు కావాలి. సీటు స్ప్రింగుల్లోనో పెట్రోల్ ట్యాంకు పైనో ఇరుక్కుపోయిన బిల్డ్ షీట్, మొదటి యజమాని బిల్లు, అప్పటి ఫోటోలు. ఫోర్డ్ కార్లకైతే 1967 నుంచి మార్టీ రిపోర్ట్ దొరుకుతుంది. పాంటియాక్‌లకి పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ పాత ఇన్‌వాయిస్ కాపీలు ఇస్తుంది. ఒక కారు జెడ్/28 అని తేల్చే పని కూడా చక్రాలది కాదు. అందుకు ముందు ఇంజన్ మీద డీజెడ్ అక్షరాలు, పక్కన ఛాసిస్ నంబర్ ముక్క చూడాలి.

నేను అన్నయ్యకి రాసి పంపింది మూడే లైన్లు: మూడు సరిపోతాయి, ఒకటి కాదు, ఒకటి అనుమానం. ఆ పెద్దాయన దగ్గర పాత బిల్లు లేదు. మాటా మాటా అయ్యాక "ఒరిజినల్" అన్న మాట కొట్టేసి, "తారీఖు సరిపోయే మూడు చక్రాలు" అని కాగితం మీద రాసిచ్చి, ఆ మేరకు ధర తగ్గించాడు. కారు అన్నయ్య ఇంటికొచ్చింది.

రేపు మీరు సెకండ్ హ్యాండ్ బుల్లెట్ కొన్నా, పాత యెజ్డీ కొన్నా ఇదే వరస పాటించండి. ముందు బండి తారీఖు, తర్వాత భాగం తారీఖు, ఆ తర్వాత కొలత, చివరికి కాగితం. నాలుగూ ఒకే మాట చెప్తేనే జేబులో చెయ్యి పెట్టండి.